పాత పోలో జీటీకి రీమ్యాప్ చేయించాలా, అమ్మేసి వర్టస్ జీటీ కొనాలా?

మీరడిగింది ఇదీ: 2014 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 85 వేల కిలోమీటర్లు తిరిగింది, రీమ్యాప్ (అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయిస్తే సరిపోతుందా లేక అమ్మేసి అదే కంపెనీ సెడాన్ వర్టస్ జీటీ తీసుకోవాలా అని. ఉండేది మధురవాడ అన్నారు. నాదీ అదే కారు, అదే సంవత్సరం, ఉండేది ఎంవీపీ కాలనీ. రీమ్యాప్ చేయించాను, పోగొట్టుకున్నాను, అమ్ముదామని ఇద్దరికి చూపించాను, చివరికి అమ్మలేదు. కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకు ఎవరికన్నా ఎక్కువే ఉందని నా నమ్మకం.

నా జవాబు రెండూ కాదు. ముందు బండిని లిఫ్ట్ మీదకి ఎక్కించి కింద నుంచి చూడండి. ఆ తర్వాతే మిగతా మాటలు.

నేను చూడకుండానే చేయించాను. ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని ఇంటికే వచ్చాడు, స్టీరింగ్ కింద సాకెట్‌లో వైరు గుచ్చి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగేలోపు సగం పని అయిపోయిందన్నాడు. కంపెనీ ఇచ్చింది 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆయన చెప్పిన లెక్క పవర్ 130 దాటుతుందని, టార్క్ 220 దాకా పోతుందని. డైనో మీద, అంటే పవర్ కొలిచే యంత్రం మీద, పెట్టి చూపించింది ఏమీ లేదు. ఆయన చెప్పాడు, నేను 38 వేలు ఇచ్చాను. హనుమంతవాక దాటి ఆనందపురం వైపు ఒకసారి తొక్కి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. అబద్ధం చెప్పను, బాగుంటుంది. మూడు వారాలు బాగుంటుంది. నాలుగో వారానికి అదే మామూలైపోతుంది, మళ్ళీ ఇంటర్నెట్‌లో ఇన్‌టేక్, డౌన్‌పైప్, స్టేజ్ 2 అని పవర్ ఇంకా పెంచే దారులు వెతకడం మొదలవుతుంది. ఇది అందరికీ ఇంతే. కాదన్నవాడు ఇంకా మూడో వారంలో ఉన్నట్టు లెక్క.

ఇక అసలు సంగతి. ఆ జనవరిలో అరకు వెళ్ళాం, నేను, మా ఆవిడ, మా బావమరిది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి ఎంత సరదాగా ఉందంటే, అరకు నిండా పెద్ద పెద్ద ఎస్‌యూవీలు వేసుకొచ్చి మలుపు మలుపుకీ ఆగి సెల్ఫీలు దిగే టూరిస్టుల మీద కూడా కోపం రాలేదు. ఎక్కడం ఎప్పుడూ సమస్య కాదు. సాయంత్రం దిగేటప్పుడు మొదలైంది. అనంతగిరి దాటి టైడా వైపు వస్తున్నాం, మలుపుకీ మలుపుకీ మధ్య దొరికిన కాస్త జాగాలో తొక్కడం, మలుపు రాగానే బ్రేక్ మీద నిలబడడం. గేరు డీలోనే వదిలేశాను. డీలో వదిలేస్తే ఆ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్రోల్ మిగల్చడానికి పై గేరుకే పోతూ ఉంటుంది, ఇంజిన్ పట్టి ఆపేది ఏమీ ఉండదు, మొత్తం భారం బ్రేకుల మీదే.

బావమరిది ఒళ్ళో బొంగు చికెన్ పొట్లం ఉంది. ముక్కు ఎగబీల్చి, ‘బావా, బొంగు మాడిపోయినట్టుంది, వాడు మోసం చేశాడు’ అన్నాడు. నాకూ వాసన వస్తోంది, నేనూ అదే అనుకున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. తర్వాతి మలుపులో ముందు ఆర్టీసీ బస్సు. బ్రేక్ నొక్కితే పెడల్ తడిసిన స్పాంజి మీద కాలేసినట్టు లోపలికి పోయింది. పట్టింది గానీ సగమే పట్టింది. మా ఆవిడ వెనక నుంచి ‘ఏమండీ’ అని ఒక్క మాట అంది, అంతే, అది పిలిచినట్టు లేదు. నేను పెడల్‌ని నాలుగైదు సార్లు పంపు కొట్టినట్టు కొట్టి, లివర్ పక్కకి లాగి మాన్యువల్‌లో రెండో గేరుకి దించి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ, బస్సు వెనక అద్దం మీద అంటించిన కాగితంలో అక్షరాలు చదవగలిగేంత దగ్గరలో స్పీడు తగ్గించగలిగాను. పక్కన కాస్త వెడల్పుగా ఉన్న చోట ఆపాను. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ.

అక్కడ మొక్కజొన్న కంకులు కాల్చుకునే ఒకావిడ ఉంది. మావాడు నీళ్ళ బాటిల్ మూత తీసి చక్రం దగ్గరకి వెళ్తుంటే విసనకర్ర ఊపడం ఆపకుండానే, ‘నీళ్ళు పొయ్యకండి బాబూ, మొన్నొకాయన పోసీసినాడు, పేట్‌మని పగిలిపోనాది’ అంది. ఎర్రగా కాగిన ఇనుము మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇంజనీరింగ్ చదివిన మావాడికి తట్టలేదు. ముప్పావు గంట కూర్చున్నాం, ఆరు కంకులు తిన్నాం, మిగతా దారంతా రెండో గేరులో దిగాం. బొంగు చికెన్ మాడలేదు, బాగుంది.

తప్పు కారుది కాదు, మ్యాప్ వేసినాయనది కూడా కాదు, నాదే. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి నాలుగేళ్ళు దాటింది. రెండేళ్ళకోసారి మార్చాలి. ఎందుకంటే అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, మన వైజాగ్ గాలిలో తేమకి కరువు లేదు కదా. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు. ద్రవాన్ని నొక్కితే తోస్తుంది, ఆవిరిని నొక్కితే నలుగుతుందే తప్ప తోయదు, అందుకే ఆ స్పాంజి పెడల్. దానికి తోడు మ్యాప్ పుణ్యమా అని ప్రతి మలుపుకీ ఇదివరకటి కంటే ఎక్కువ స్పీడులో వచ్చి పడుతున్నాను. 60లో వచ్చే బండిని ఆపడానికీ, 80లో వచ్చేదాన్ని ఆపడానికీ తేడా 20 అనిపిస్తుంది గానీ, బ్రేకులు మింగాల్సిన వేడి దాదాపు 78 శాతం పెరుగుతుంది, స్పీడుని స్పీడుతో గుణించాలి కాబట్టి. పోలో జీటీకి వెనక ఉన్నవి డ్రమ్ములు. ఇంజిన్‌కి 38 వేలు పెట్టినవాణ్ణి, కొన్ని వందల రూపాయల ఫ్లూయిడ్ మార్చలేదు.

మర్నాడే ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆ మేస్త్రి పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. లిఫ్ట్ ఎత్తించి, స్క్రూడ్రైవర్ తీసుకుని కింద ఒక్కో చోటా గుచ్చుకుంటూ పోయాడు. సైలెన్సర్ బిగించే బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగింది. తుప్పు పొడి ఆయన చొక్కా మీద రాలింది. ‘బీచ్ దగ్గర పెడతారా బండి?’ అన్నాడు. పెడతాను, రోజూ పొద్దున్న ఆర్కే బీచ్‌లో వాకింగ్‌కి వెళ్ళి సముద్రానికి ఎదురుగానే పెడతాను, అక్కడ నీడ కూడా ఉండదు. బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పిన్నులు ఉప్పు పట్టి బిగుసుకుపోయి, ఒక పక్క ప్యాడ్ రేకులా అరిగి, రెండో పక్కది సగం మిగిలి ఉంది. ముందు చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు చిరిగిపోయి వేలాడుతున్నాయి. ఆయన చెయ్యి తుడుచుకుంటూ, ‘గుండె బాగుంది బాబూ, కీళ్ళు అరిగిపోనాయి. మీరు గుండెకి టానిక్కు పోసినారు’ అన్నాడు. ఇన్నేళ్ళుగా ఇంటర్నెట్‌లో ట్యూనింగ్ గురించి చదివినదంతా ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు.

ముందు డిస్కులు, ప్యాడ్లు, ఫ్లూయిడ్, పిన్నులు, బుష్‌లు, లింక్ రాడ్లు, ఒక ఇంజిన్ మౌంటు, కంపెనీ సైజులోనే 185/60 ఆర్15 మంచి టైర్లు నాలుగు, అలైన్‌మెంట్, కింద తుప్పు గీకి కోటింగ్. అంతా కలిపి 68 వేలు. బాధపడుతూనే ఇచ్చాను. బండి తీసుకుని ఎన్ఏడీ మీదుగా వస్తుంటే స్టీరింగ్ తిప్పిన వెంటనే ముక్కు తిరుగుతోంది, గతుకులో పడితే పళ్ళ సెట్టు కదిలినట్టు వచ్చే చప్పుడు లేదు. నిజం చెప్పాలంటే నేను ఇన్నాళ్ళూ బండిలో దమ్ము తగ్గిందనుకున్నది దమ్ము కాదు, బిగువు.

ఇంకో ముచ్చట. తర్వాత కొన్నాళ్ళకి ఒక సర్వీస్ సెంటర్‌లో ఏదో అప్‌డేట్ అని సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. దాంతో మ్యాప్ తుడిచిపెట్టుకుపోయింది. నాకు తెలియలేదు! రెండు వారాల తర్వాత బిల్లులో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అన్న లైను చూసి అడిగితే అప్పుడు బయటపడింది. మళ్ళీ వేయించుకుందామని లాప్‌టాప్ ఆయనకి ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదు. మీరు ఎలాగూ నా మాట వినకుండా చేయించుకుంటారేమో, అప్పుడు కంపెనీ ఒరిజినల్ ఫైలూ, వేసిన ఫైలూ రెండూ పెన్‌డ్రైవ్‌లో ఇమ్మనండి. డైనో కాగితం లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

డీఎస్‌జీ గురించి అందరూ భయపెడతారు, నేను సగమే భయపెడతాను. మన బండిలో ఉన్నది డ్రై క్లచ్ ఏడు గేర్ల డబ్బా, దాని హద్దు 250 న్యూటన్ మీటర్లు. నేను వేయించుకున్నలాంటి మ్యాప్‌ని స్టేజ్ 1 అంటారు, ఆ లెక్కన ఇంకా కాస్త జాగా ఉన్నట్టే, కానీ అది కొత్త క్లచ్ లెక్క, 85 వేలు తిరిగిన క్లచ్ లెక్క కాదు. దానికి టార్క్ కన్నా మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర సాయంత్రం ఆరున్నరకి అంగుళం అంగుళం పాకించడం ఎక్కువ చేటు. ఆ రద్దీలో 105 పీఎస్ అయితే ఏమిటి, 130 అయితే ఏమిటి, ముందున్న ఆటో వెళ్ళినంతే వెళ్తాం. ఎండాడ దాటాక రోడ్డు ఖాళీ అనుకుంటే రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు. ఇక పెట్రోలు సంగతి. ఇప్పుడు దాదాపు ఏ బంకులో చూసినా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తప్ప దొరకడం లేదు, మన బండి దాని కోసం చేసింది కాదు. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువే గానీ శక్తి తక్కువ, మైలేజీ తగ్గుతుంది. మైలేజీ గురించి బీచ్ రోడ్డులో సైలెన్సర్ మార్చి పటపటలాడించే కుర్రాళ్ళని అడక్కండి, వాళ్ళు నాన్న డబ్బుతో పోయించుకుంటారు.

చట్టం మాట కూడా ఒకటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిపోయేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ రోజున గొడవ. చెబితే ప్రీమియం. ఏ పక్కన చూసినా జేబుకి చిల్లే.

వర్టస్ సంగతికొస్తే, ఫ్రెండ్ బండి భీమిలి దాకా నడిపాను. 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, వారంటీతో, ఏ లాప్‌టాప్ అక్కర్లేకుండా. చాలా మంచి బండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఐదు స్టార్లు, మన పోలోకి 2014లో వచ్చింది నాలుగు, అదీ పాత పద్ధతి పరీక్షలో. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వెనక సీట్లో కూర్చుంటుంటే, మోకాళ్ళు నొప్పి అని మీకు చెప్పకుండా మీ ఆవిడకి చెబుతుంటే, ఇంకేమీ ఆలోచించకండి, కొనేయండి. కానీ సరదా కోసమే అయితే టాప్ మోడల్ ఆన్ రోడ్ 20 లక్షల పైమాటే. మీ పాత బండికి వచ్చేది అందులో ఏ మూలకి? పోలో మన దేశంలో 2022లోనే ఆపేశారు, అలాంటి చిన్న బరువైన బండి మళ్ళీ దొరకదు. గోల్ఫ్ జీటీఐ వచ్చింది కదా అనకండి, 2025లో వచ్చినప్పుడే దాని ధర 53 లక్షలు. మీ ఆర్‌సీకి 2029 దాకా టైముంది, అప్పుడు రెన్యువల్, ఫిట్‌నెస్ తలనొప్పి ఎలాగూ తప్పదు. అప్పటిదాకా నడపండి.

ఈలోగా సర్వీస్ బిల్లులన్నీ ముందేసుకుని బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన తేదీ వెతకండి. అది దొరక్కపోతే, మార్పించేదాకా అరకు మాత్రం కిరండూల్ రైలెక్కి వెళ్ళండి. అద్దాల పెట్టెలో టికెట్టు దొరకదు, అది వేరే కథ.