ముందు నేల తీసి చూడు

చి. మేనకోడలికి ఆశీస్సులు.

టెర్మినల్‌కీ విమానానికీ మధ్య ప్రయాణికులను తిప్పే పాత బస్సులన్నిటినీ బాగుచేయించే బాధ్యత నీకు అప్పగించారని చదివి చాలా సంతోషించాను. పైవాళ్లు పంపిన కాగితంలో సీట్లు, రంగు, లోపలి లైట్లు, ఫోను చార్జింగ్ పాయింట్లు వివరంగా ఉన్నాయనీ, మిగతాదంతా "అవసరాన్ని బట్టి" అని ఒక్క లైనులో రాశారనీ అన్నావు. అమ్మాయీ, ఆ ఒక్క లైనే అసలు పని. ఇలాంటి బండ్ల షెడ్డులోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నిలబడి ప్రయాణించే మనిషి దేన్ని నమ్ముకుని నిలబడతాడో దాన్ని ముందు బాగుచెయ్యి. కాళ్ల కింద నేల, ఎక్కిదిగే తలుపులు, బ్రేకులు, పట్టుకునే రాడ్లు, కనపడకుండా పాకిన వైరింగు. డబ్బు చాలక ఎక్కడో కోత పెట్టాల్సివస్తే అది రంగుకీ సీట్లకీ పడాలి కానీ వీటికి పడకూడదు.

మొదట ఈ బండ్ల వయసు ఎలా కట్టాలో చూద్దాం. రోడ్డు బస్సుకైతే కిలోమీటర్లు చూస్తాం. విమానాలు ఆగే ఆవరణలో (దాన్నే ర్యాంపు అంటాం) తిరిగే బస్సు విషయంలో ఆ లెక్క మోసం చేస్తుంది. ఒక్కో ట్రిప్పు చాలా చిన్నది, వేగం మీద గట్టి పరిమితి ఉంటుంది. అందుకే ఏళ్లు గడిచినా మీటరు మీద అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. అది చూసి "ఇంకా బాగానే ఉందిలే" అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. కానీ విమానం కోసం కాచుకున్నంతసేపూ ఏసీ కోసం ఇంజను నడుస్తూనే ఉంటుంది. లోడు లేకుండా గంటల తరబడి నడిచే డీజిల్ ఇంజను సరిగా వేడెక్కదు, లోపల మసి పేరుకుంటుంది. కాబట్టి కిలోమీటర్లు పక్కనపెట్టి ఇంజను నడిచిన గంటలు చూడు. గంటల మీటరు లేని బండికి డీజిల్ పోసిన రిజిస్టరు తెప్పించు. ఏసీ వేసి నిలబెట్టినప్పుడు గంటకు ఎంత తాగుతుందో ఒకరోజు కొలిపించి, మొత్తం డీజిల్‌ని దానితో భాగిస్తే గంటల లెక్క సుమారుగా వస్తుంది. నిర్ణయానికి ఆ మాత్రం చాలు.

టైర్లదీ ఇదే కథ. అరగవు, కానీ ముసలివవుతాయి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు నిండుగా ఉండి, పక్కన సన్నని పగుళ్లు పాకిన టైరును ర్యాంపు మీద తరచుగా చూస్తాం. బ్రేకు గొట్టాలు, కుదుపులు ఆపే గాలి తిత్తులు (ఎయిర్ సస్పెన్షన్ బెలోస్), తలుపుల రబ్బరు అంచులు కూడా అంతే. రబ్బరు వస్తువు ఏదైనా సరే, ఎంత తిరిగిందని కాకుండా ఎన్నేళ్లయిందని అడగాలి.

వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయం ఉదాహరణగా తీసుకోవచ్చా అని అడిగావు. తప్పకుండా తీసుకో. 1962లో మొదలైన ఆ విమానాశ్రయానికి రూపకల్పన చేసేటప్పుడు, ప్రయాణికులు దూరాలు నడిచే బదులు కూర్చునే గదే విమానం దగ్గరకు వెళ్లాలని వాస్తుశిల్పి ఈరో సారినెన్ ఆలోచించాడు. అలా పుట్టినవే అక్కడి మొబైల్ లాంజ్‌లు. 54 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 102 మంది పట్టే చక్రాల గది. క్రిస్లర్ కంపెనీ తయారుచేసింది. తర్వాత గదిని విమానం తలుపు ఎత్తుకు లేపీ దింపీ చేయగల ప్లేన్ మేట్లు వచ్చాయి. 2010లో భూగర్భ రైలు మొదలయ్యాక కూడా ఇవి పూర్తిగా పోలేదు, పాత బండ్లే ఎన్నో ఏళ్లు తిరుగుతూ వచ్చాయి.

దాన్నుంచి నువ్వు నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ భవనంలో బండ్లు వచ్చి ఆనుకునే రేవుల ఎత్తూ ఆ బండ్ల ఎత్తూ ఒకదానికోసం ఒకటి కట్టినవి. అలాంటి చోట బండి తీసేసి మామూలు బస్సు పెడదామంటే కుదరదు, భవనాన్నే మార్చాలి. మీ దగ్గర కూడా ఏ బండి ఏ గేటుకు కట్టుబడి ఉందో ముందు తేల్చుకో, ఆ తర్వాతే కొత్తవి కొనే మాట. రెండోది స్పేర్ పార్టుల సంగతి. కొద్ది విమానాశ్రయాల కోసమే చేసిన బండికి విడిభాగాల మార్కెట్టంటూ ఉండదు. తయారీదారు ఆపేస్తే ప్రతి ముక్కా కొలతలు తీసి చేయించుకోవలసిందే. అందుకే ఓవర్‌హాల్‌లో, అంటే బండి మొత్తం విప్పి బాగుచేసేటప్పుడు, ప్రత్యేకమైన భాగం కనపడిన ప్రతిచోటా, దాని స్థానంలో లారీలకూ మామూలు బస్సులకూ వాడే భాగం పడుతుందేమో ఆలోచించు. గాలి కంప్రెసర్, ఆ గాలిలో తడి తీసే డ్రయ్యర్, స్టీరింగ్ పంపు, లైట్లు, స్విచ్చుల్లో చాలావరకు పడతాయి. పదేళ్ల తర్వాత నీ కుర్చీలో కూర్చునేవాళ్లు నీకు దణ్ణం పెట్టుకుంటారు.

ఇప్పుడు నేల. బండిని షెడ్డులోకి తెచ్చిన మొదటిరోజే పైన పరిచిన వినైల్ షీటు లేపించు. తలుపుల దగ్గర ఒక్కచోట లేపి "బాగుంది" అంటే ఒప్పుకోకు, మొత్తం లేపాలి. వాన నీళ్లు, కడిగిన నీళ్లు తలుపు గడప దగ్గర లోపలికి దిగి ప్లైవుడ్‌ని నానబెడతాయి. పైన షీటు ఉండటంతో ఆరవు. కింద నేలను మోసే అడ్డ దూలాలు (క్రాస్ మెంబర్లు) లోపలి నుంచే తుప్పు పడతాయి. నూరుమంది సామానుతో నిలబడేది ఆ పలకల మీదే. సుత్తితో కొట్టి చప్పుడు వినే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది, కానీ దానితో ఆగొద్దు. అల్ట్రాసోనిక్ మందం కొలిచే పరికరంతో ప్రతి క్రాస్ మెంబరునూ, సస్పెన్షన్ బ్రాకెట్లనూ కొలిపించి, ఎక్కడ ఎంత మిగిలిందో బండివారీగా రాయించు. ఉక్కు ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద అల్యూమినియం బాడీ కూర్చున్న బండ్లలో ఆ రెండూ తగిలేచోట తెల్లని పొడి కనిపిస్తే, అక్కడ అల్యూమినియాన్ని తడి తినేస్తోందని అర్థం. మంచు కురిసే ఊళ్లలోనైతే నేల మీద చల్లే మంచు కరిగించే రసాయనాలు ఈ పనిని ఇంకా తొందరగా చేస్తాయి.

ఈ కొలతలు చేతికి వచ్చాకే బండ్లను విడదీయగలవు. కొన్నిటికి పూర్తి ఓవర్‌హాల్ గిట్టుబాటవుతుంది. కొన్నిటికి చిన్న మరమ్మతు చేసి ఇంకొంతకాలం నడిపి తీసేయాలి. ఛాసిస్ పోయినవాటిని వెంటనే పక్కన పెట్టి, వాటి మంచి భాగాలను మిగతావాటికి వాడుకోవాలి. "అన్ని బస్సులకీ ఒకే ప్యాకేజీ" అని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోకు. ఛాసిస్ పోయిన బండికి కొత్త సీట్లు వేయడం పుచ్చిన దూలానికి సున్నం కొట్టడమే.

తలుపుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే మనుషులకు దెబ్బలు తగులుతాయి. ఈ బస్సులకు రెండు వైపులా వెడల్పాటి తలుపులుంటాయి. డ్రైవరు పొరపాటున అటువైపువి తెరిస్తే, ప్రయాణికులు నేరుగా బండ్లు తిరిగే దారిలోకి దిగుతారు. ఎడమా కుడీ స్విచ్చులు చేతికి తెలిసేంత వేరుగా ఉండాలి, పక్కపక్కన ఒకే ఆకారంలో ఉండకూడదు. తలుపు పూర్తిగా మూసుకోనిదే బండి కదలకుండా ఆపే ఇంటర్‌లాక్ పాత బండ్లలో తరచూ పనిచేయదు. సెన్సారు చెడిందని ఎవరో తీగ కలిపి దాన్ని దాటేసి ఉంటారు. ప్రతి బండిలో అలాంటి దాటేసిన తీగ కోసం ప్రత్యేకంగా వెతికించు. మూసుకునే అంచుకు చెయ్యో సంచో అడ్డొస్తే తలుపు వెనక్కి తెరుచుకోవాలి. లోపలి నుంచీ బయటి నుంచీ ఉన్న ఎమర్జెన్సీ హ్యాండిల్ గాలి ప్రెషర్ లేకపోయినా, కరెంటు లేకపోయినా పనిచేయాలి. గాలి ట్యాంకులు ఖాళీ చేసి, బ్యాటరీ తీసేసి, నీ ఎదుటే లాగి చూపించమను.

బ్రేకుల్లో ఆగడం ఎంత ముఖ్యమో మెత్తగా ఆగడం అంతే ముఖ్యం. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో పిల్లనో పాస్‌పోర్టునో పట్టుకుని ఉంటారు జనం. చిన్న కుదుపుకే ఒకరిమీద ఒకరు పడతారు. బ్రేకు చాంబర్లలోని రబ్బరు పొరలు (డయాఫ్రమ్‌లు), బ్రేకు వదులును సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు మార్చించు, రెండు చక్రాలూ సమంగా పట్టేలా చేయించు. బ్రేకు ట్యాంకుల్లో గాలి నింపి ఇంజను ఆపేసి, ప్రెషర్ ఎంతసేపట్లో ఎంత పడిపోతుందో రాయించు. బాగా పాత బండ్లయితే బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. విప్పే ముందు పరీక్ష చేయించు, దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకు. పట్టుకునే రాడ్లు పొడవాళ్లకే కాకుండా పొట్టివాళ్లకూ పిల్లలకూ అందాలి. చక్రాల కుర్చీ ఎక్కించే వాలు పలక, కుర్చీ కదలకుండా కట్టే పట్టీ ఈ ఓవర్‌హాల్‌లోనే పెట్టించు. తర్వాత చేద్దామంటే ఎప్పటికీ కాదు.

వైరింగ్ విషయంలో నా మాట ఒకటే: అతుకులు వేయొద్దు, మొత్తం మార్చు. రేడియో, కెమెరా, ట్రాకింగ్ పెట్టె అంటూ ఏళ్ల తరబడి ఒకదానిమీద ఒకటి కలిపి ఉంటారు. ఇంజను వేడికి పాత తీగల తొడుగు గట్టిపడి పగులుతుంది, అక్కడే మంట పుడుతుంది. ఇంజను గదిలో మంట ఆర్పే ఆటోమేటిక్ సిస్టమ్ పెట్టించు. లోపల వాడే సీటు గుడ్డ, ఫోమ్, పైకప్పు షీట్లు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 118వ దాని ప్రకారం మంట పరీక్ష పాసయ్యాయని కాగితం అడుగు. అందమైన గుడ్డ శాంపిల్ తెచ్చి చూపిస్తారు, ఆ కాగితం మాత్రం తేరు.

పనిలో పనిగా వీటిని ఎలక్ట్రిక్‌గా మార్చమని ఒత్తిడి ఉందన్నావు. నాకు ఆ ఆలోచన నచ్చింది. చిన్న దూరాలు, తక్కువ వేగం, ఎక్కువసేపు నిలబడి ఉండటం, రాత్రికి ఒకేచోట చేరడం, ఇవన్నీ బ్యాటరీ బండికి అనువైనవే. పొగా చప్పుడూ తగ్గితే ర్యాంపు మీద పనిచేసేవాళ్ల ఒంటికి మంచిది. కానీ బ్యాటరీ సైజు లెక్కవేసేటప్పుడు దూరం చూసి మోసపోవద్దు. నడవడానికి అయ్యేదానికంటే నిలబడి ఏసీ తిప్పడానికే ఎక్కువ కరెంటు ఖర్చవ్వొచ్చు. బాగా వేడిగా ఉన్న రోజు, తలుపులు పదేపదే తెరుస్తూ, నిండా జనంతో ఎంత ఖర్చవుతుందో దాన్ని లెక్కలోకి తీసుకో. ఇంజను తీసేస్తే దానిమీద ఆధారపడిన గాలి కంప్రెసర్, స్టీరింగ్ పంపు, ఏసీ అన్నిటికీ వేరే మోటార్లు కావాలి. బరువు మారుతుంది కాబట్టి యాక్సిల్ మీద లోడు, బ్రేకులు మళ్లీ లెక్కగట్టాలి. మందం కొలతల్లో నిలబడ్డ ఛాసిస్‌కే ఈ ఖర్చు పెట్టు.

కాంట్రాక్టు గురించి. అన్నీ ఒకేసారి ఇవ్వకు. ఒకటో రెండో బండ్లు పూర్తిగా చేయించి, కొన్ని నెలలు నడిపి, లోపాలు చూసి, స్పెసిఫికేషన్ సరిదిద్ది అప్పుడు మిగతావి ఇవ్వు. నేల తీశాక కొత్త తుప్పు బయటపడటం మామూలే. దానికి వెల్డింగ్ మీటరుకింత, ప్లేటు కిలోకింత అని రేటు ముందే రాయించుకో. లేకపోతే ప్రతి బండి దగ్గరా బేరం మొదలవుతుంది. నేల మూసే ముందు, వైరింగ్ మీద ప్యానెళ్లు బిగించే ముందు మీ మనిషి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా పని ఆగాలన్న షరతు ఉండాలి. మార్చిన వైరింగ్ డ్రాయింగు బండితోపాటే చేతికి రావాలి. ఇంకో సంగతి. ఈ బస్సుల్లో చాలావాటి వెడల్పు 3 మీటర్లు, రోడ్డు మీదికి అనుమతి ఉండదు. వర్క్‌షాపు బయట ఉంటే నేలకు దగ్గరగా పలక ఉండే లోబెడ్ ట్రెయిలర్ మీద ఎక్కించి పంపాలి. ఆ రవాణా, అనుమతులు, దారిలో ఇన్సూరెన్సు ఎవరివో స్పష్టంగా రాయించు. మీ ఆవరణలోనే షెడ్డు దొరికితే అదే మేలు.

ఒకేసారి ఎన్ని బండ్లు బయటికి పంపొచ్చనేది మీ రద్దీ గంటలు చెబుతాయి. వర్క్‌షాపులో ఉన్నవి కాక, ఉన్నట్టుండి చెడిపోయేవి కూడా కలిపి లెక్కవెయ్యి. సెలవుల సీజన్‌లో ఒక్కదాన్నీ కదపకు.

రంగు, సీట్లు నీకు తోచినట్టు చెయ్యి. తుడవడానికి తేలికగా ఉంటే చాలు.

స్పెసిఫికేషన్ రాయకముందే రాత్రి షిఫ్టు డ్రైవర్లతో, పాత ఫిట్టర్లతో విడివిడిగా కూర్చో. మీ మేనేజర్లు పక్కన ఉంటే వాళ్లు నోరు విప్పరు. ఏ బండి తడిలో పక్కకు లాగుతుందో, దేని తలుపు ఎండలో ఇరుక్కుంటుందో, ఏ అద్దంలో వెనక నడిచే మనిషి కనపడడో వాళ్లకు తెలుసు. లాగ్ బుక్కులో అవేవీ ఉండవు. బాగైన బండిని కూడా ముందు ఖాళీగా, తర్వాత ఇసుక బస్తాల లోడుతో వాళ్లచేతే నడిపించి, వాళ్లు సరే అన్నాకే ప్రయాణికులను ఎక్కించు.

టెండరు కాగితం డ్రాఫ్టు తయారయ్యాక, సంతకానికి వెళ్లేలోపు నాకు ఒక కాపీ పంపు. ముఖ్యంగా కొలతలూ పరీక్షలూ ఉన్న పేజీలు చదివి, ఏమైనా తప్పిపోయి ఉంటే రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య