లాగొద్దు, తవ్వి తియ్యి

కిట్టూకి, పెదనాన్న ఆశీస్సులు.

అడవిలో నడకకు వెళ్ళినప్పుడల్లా పుట్టగొడుగుల ఫొటోలు పంపి "ఇది మంచిదేనా?" అంటావు. అసలు గుట్టు మట్టిలో ఉంటే నువ్వేమో పైనుంచి ఫొటో తీస్తావు, నేనేం చెప్పనురా?

నీ వయసులో నేనూ కాడ పట్టుకుని లాగేసేవాణ్ణి. ఒకసారి అలాగే తెల్లటిదొకటి పీకి మురిసిపోతుంటే, వెంట ఉన్న పెద్దాయన ఆ గుంతలో వేలు పెట్టి, గుడ్డు పెంకు కింది పొరలాంటి చిరిగిన సంచి ఒకటి బయటికి తీశాడు. నా చేతిలోది అక్కడే పారేశాను.

అందుకే చాకుతో చుట్టూ తవ్వి మొదలంటా తియ్యి. అడుగున సంచి, కాడకు పావడాలా వేలాడే పొర, గొడుగు కింద తెల్లటి రేకులు ఉన్నాయంటే అమానిటా జాతిదని అనుమానించు. మనుషుల్ని ఎక్కువగా చంపే డెత్ క్యాప్ ఆ జాతిదే. ఆ పావడా ఒక్కోసారి రాలిపోతుంది, అది లేదని ధైర్యపడకు. చిన్న గుడ్డులా నేలలోంచి తలెత్తినది దొరికితే నిలువునా కొయ్యి. లోపల గొడుగు, కాడ బొమ్మ గీసినట్టు కనిపిస్తే అది పఫ్‌బాల్ (బంతిలా గుండ్రంగా ఉండే పుట్టగొడుగు) కాదు, అమానిటా పిల్ల కావచ్చు.

వెండి చెంచా నల్లబడితేనే విషమని, పురుగు తింటే మంచిదని అంటారే, అవన్నీ వట్టిమాటలు. నత్తలు డెత్ క్యాప్‌ను హాయిగా తింటాయి. దాని విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. ఒక గొడుగులో సగం చాలు, పెద్దమనిషి ప్రాణం తీయడానికి. ముట్టుకుంటే మాత్రం ఏమీ కాదు, టెన్షన్ పడకు. చేతులు కడుక్కుంటే సరి.

నాకు దడ పుట్టించేది ఇంకొకటుంది. తిన్నాక 6 నుంచి 12 గంటల దాకా ఒక్కోసారి ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది. "హమ్మయ్య" అనుకునే ఆ రోజే లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు. మిగిలిన ముక్కల్ని కాగితంలో చుట్టి వెంట పట్టుకెళ్ళు. అది ఏ జాతో పోల్చడానికి పనికొస్తాయి.

ఈసారి ఫొటోలో మొదలు కూడా కనపడాలి. అయినా సరే, తినమని మాత్రం నేను చెప్పను.

మీ పెదనాన్న