తుంటికి రాడ్ వేసిన నెలకు తొడ ఉబ్బుతోంది.. ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. నెల కిందట శంషాబాద్ దగ్గర కారు ప్రమాదంలో తుంటి ఎముక విరిగితే రాడ్ వేశారు. వారం నుంచి తొడ లోపలివైపు ఉబ్బి గట్టిపడుతోంది. జ్వరం లేదు. హిమోగ్లోబిన్ 11 నుంచి 8.2కి పడిపోయింది. డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) తీసి సిరల్లో గడ్డల్లేవన్నారు. నూనెతో మర్దన చేయించమంటారా?
– ఓ సోదరి, ఎల్బీనగర్

జవాబు: మర్దన వద్దమ్మా. కట్టు కట్టించొద్దు, కాపడం పెట్టొద్దు. ఆపరేషన్ తర్వాత తొడ పెరుగుతూ రక్తం తగ్గుతోందంటే, లోపల ధమని నుంచి రక్తం కారుతోందేమోనని ముందుగా అనుమానించాలి.

తొడలో లోతుగా, ఎముకకు దగ్గరగా ప్రొఫండా ఫెమోరిస్ అనే ధమని ఉంటుంది. వేగంగా గుద్దుకున్నప్పుడు ఎముక ముక్కలై, లోపలివైపున్న లెస్సర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలోని చిన్న బొడిపె) ముక్క మొన ఈ ధమనికో, దాని కొమ్మకో గుచ్చుకోవచ్చు. రాడ్‌ను బిగించే స్క్రూ పొడుగై అవతలికి పొడుచుకొచ్చినా, డ్రిల్ బిట్ ఎక్కువ లోతుకు దిగినా అంతే. చిల్లు పడిన చోట కారిన రక్తం కండరాల మధ్య సంచిలా పోగవుతుంది. దీన్ని సూడోఅనూరిజం అంటాం. అరుదే గానీ, వారాల తర్వాత కూడా బయటపడుతుంది.

పాదానికి రక్తం ప్రధానంగా వేరే ధమని నుంచి వెళ్తుంది. అందుకే పాదం వెచ్చగా ఉండి, నాడి చక్కగా అందుతుంది. చాలామంది అక్కడే మోసపోతారు. మీరు తీయించింది సిరల డాప్లర్ అయితే ధమని సంగతి అందులో తేలదు. ధమనుల డాప్లర్, ఆపైన సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) కావాలి. రాడ్ ఉన్నా తీయొచ్చు. రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు కాంట్రాస్ట్ అనే మందు ఇస్తారు కాబట్టి, ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు.

చీము గడ్డ అనుకుని కోస్తే రక్తం ఆగడం కష్టం. గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు వాడుతుంటే ఆ మాట సర్జన్‌కు ఇవాళే చెప్పండి. తర్వాతి డోసు వేయాలో వద్దో ఆయనే నిర్ణయించాలి.

తేలితే చాలావరకు తొడ కోయక్కర్లేదు. గజ్జల్లోంచో, మణికట్టు దగ్గరనుంచో సన్నని గొట్టం పంపి, కారే కొమ్మను కాయిల్స్‌తో (సన్నని లోహపు తీగచుట్టలతో) మూసేస్తారు. అది కుదరకపోతే వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ ఆపరేషన్ చేస్తారు. ఎముక మొనో, స్క్రూనో ఇంకా గుచ్చుకుంటుంటే దాన్నీ సరిచేయాలి, లేదంటే మళ్లీ కారుతుంది. రాడ్ సాధారణంగా అలాగే ఉంచుతారు.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఈరోజే వెళ్లండి. అక్కడ ఈ సౌకర్యం లేకపోతే వాస్క్యులర్ విభాగమున్న నిమ్స్‌లాంటి పెద్దాసుపత్రికి పంపమని అడగండి. ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ వెంట తీసుకెళ్లండి. వాపు ఒక్కసారిగా పెరిగినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా, పాదం తిమ్మిరెక్కినా నడిపించొద్దు. పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.