సైకిల్ ఈవెంట్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 47. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా వారాంతాల్లో 60, 70 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతున్నాను. వచ్చే నెల తక్కువ ఫీజుతో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (ఇచ్చిన సమయంలో ఎవరికి వారే పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) ఉంది. అదే నెలలో 100 కిలోమీటర్ల పెద్ద ఈవెంట్ కూడా ఉంది. టీషర్ట్, మెడల్, దారిలో తిండి, అంబులెన్స్ అన్నీ ఉంటాయి కానీ ఫీజు చాలా ఎక్కువ. ఏది మంచిది? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంది కాబట్టి లాంగ్ రైడ్ రోజు పొద్దున ఒక డైక్లోఫెనాక్, మధ్యలో ఇంకొకటి వేసుకుంటాను.
- ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: ఫీజుల గురించి అంత వివరంగా రాసి, డైక్లోఫెనాక్ మాట చివర్లో అలా పడేశారు. నాకు కంగారు పుట్టించింది అదే.

మీ బీపీ మాత్రలో ఒక మందు కిడ్నీ వడపోతలో ఒత్తిడిని తగ్గిస్తుంది. రెండోది ఒంట్లోని ఉప్పును, నీటిని బయటికి పంపుతుంది. వీటి మీద డైక్లోఫెనాక్ పడితే కిడ్నీకి రక్తం తెచ్చే నాళాలు ముడుచుకుంటాయి. ఆపైన ఎండలో గంటల తరబడి చెమట. ఈ నాలుగూ ఒకే రోజు కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. అందరికీ అలా అవుతుందని అనను. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనే ధైర్యం మాత్రం వద్దు. డైక్లోఫెనాక్ బీపీని కూడా పెంచుతుంది. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందు అది. షాపువాడు ఇచ్చాడు, మీరు వేసుకున్నారు! ఇది చదివి బీపీ మాత్ర కూడా మీ అంతట మీరే మానేయకండి, అది ఇంకో తప్పు.

ఇలాగే మాత్ర వేసుకుని తొక్కిన ఒకాయనకు రైడ్ మర్నాడు మూత్రం కోలా రంగులో వచ్చింది. వేడి చేసిందిలే అనుకుని బార్లీ నీళ్లు తాగుతూ మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగేది) బాగా పెరిగిపోయింది. మూత్రం ముదురు రంగులో వచ్చినా, బాగా తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అలాగని దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు నీళ్లు తాగొద్దు, సోడియం పడిపోతుంది. మీరు వాడే మందుతో ఆ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ.

ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, ఈసీజీ చేయించుకోండి. ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలా అన్నది మిమ్మల్ని చూసిన ఫిజీషియన్ చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పలేను. మోకాలి ముందు నొప్పికి చాలాసార్లు సీటు మరీ కిందకి ఉండటమే కారణం. మాత్ర కంటే ముందు సైకిల్ షాపులో సీటు ఎత్తు చూపించుకోండి.

ఇక మీరు అడిగింది. బీఆర్‌ఎంలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల సమయం ఇస్తారు. ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు వెళ్తే చాలు, ర్యాంకులుండవు. ఆ నిదానం నాకు నచ్చుతుంది. కానీ అక్కడ ఎవరి బాగు వాళ్లే చూసుకోవాలి. మీవాళ్లు సాయం చేయాలన్నా దారిలో నిర్వాహకులు పెట్టిన చెక్‌పాయింట్ల దగ్గరే చేయాలి. మధ్యలో కళ్లు తిరిగితే వెనకాల వ్యాన్ ఉండదు. 70 నుంచి ఒకేసారి 200కి దూకడం తొందరపాటే. పెద్ద ఈవెంట్‌లో అంబులెన్స్ ఉంటుంది, నిజమే. గుంపులో పక్కవాణ్ణి చూసి మొదటి గంటలోనే శక్తికి మించి తొక్కేవాళ్లూ అక్కడే ఎక్కువ. మీరు పడిపోయాక అంబులెన్స్ వస్తుంది కానీ, కిడ్నీకి ముందుగా కాపలా కాయదు కదా.

రిపోర్టులు బాగుండి, మీ డాక్టర్ సరే అంటే ముందు 100 చేయండి. దానికి అంత ఫీజు కట్టాలనేమీ లేదు, ఇద్దరు మిత్రులతో తెల్లవారుజామున బయల్దేరినా 100 అవుతుంది. అది నొప్పి మాత్ర లేకుండా రెండు మూడుసార్లు అయ్యాక, ఎండలు తగ్గిన నెలలో 200 గురించి ఆలోచించండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డైక్లోఫెనాక్ స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి. గ్యాస్‌కనీ, నిద్రకనీ ఇంకేమైనా వాడుతుంటే అవీ సంచీలో వేసుకోండి.