ఇంటి కోళ్లు రోగమొచ్చి వరుసగ పోతుంటే ఎట్ల తట్టుకోవాలె? మళ్ల పెంచాలా, మానుకోవాలా?

మాది దేవరకొండ దిక్కు పల్లె. మీరడిగింది చదవంగనే మూడేండ్ల కిందటి ఎండాకాలం యాదికొచ్చింది. పెట్టలు, పుంజులు, పిల్లలు కలిసి ఇరవై మూడుండె. తొమ్మిది రోజులల్ల ఇరవై ఒకటి పోయినయ్.

మొదలు ముడుచుకున్నది, అంగట్ల సగం ధరకు దొరికిందని మేమే కొన్న పుంజు. ఎండదెబ్బ అనుకున్నం. తెల్లారేసరికి ఆకుపచ్చగ పారుకుంటున్నది, మెడ మెలిపడ్డది. అత్తమ్మ చూడంగనే "కొక్కెరొచ్చిందే" అన్నది. డాక్టర్లు రాణీఖేత్ అంటరు, ఉత్తరాఖండ్‌ల ఊరి పేరు అది. ఎల్లిగడ్డ, పసుపు నూరి పోసినం. మందుల దుకాణపాయన ఏదో పొడి ఇస్తే నీళ్లల్ల కలిపినం. ఇది వైరస్, యాంటీబయాటిక్‌కు లొంగదని తర్వాత తెలిసింది. నూటయాభై రూపాయలు నిజంగనే నీళ్లల్ల పోసినం.

నల్లపెట్ట అప్పుడు పదకొండు గుడ్ల మీద పొదుగుల ఉండె. రెక్కలు వాలిపోయినయ్, అయినా గుడ్ల మీదికెళ్లి లేవలె. పక్కకు జరిగిన గుడ్డును ముక్కుతోని లోపలికి లాక్కుందామని చూస్తది. మెడ దాని మాట వినది, ముక్కు పోయి గంపకు తాకుతది. మళ్ల చూస్తది, మళ్ల తాకుతది. పొదుగుల కూసున్న పదిహేడో రోజు పొద్దుగాల చెయ్యి పెడితే బిగుసుకపోయున్నది. నడుమున్న రెండు మూడు గుడ్లు ఇంకా గోరువెచ్చగున్నయ్. టార్చి పెట్టి చూస్తే ఒకదాంట్ల నీడ కదిలింది. పక్కింటి వదినోళ్ల పెట్ట కూడ పొదుగులనే ఉండె. దానికింద పెడుదమా అని చానసేపు గుడ్లు ఒళ్లె పెట్టుకొని కూసున్న. వాళ్లింటికి మా రోగం మోసుకపోయినట్టయితదని పెట్టలె. తల్లితోపాటే లోతు గుంతల పెట్టి, సున్నం చల్లి పూడ్చినం.

ఆ నాలుగు రోజులు నా కండ్లు మందారం లెక్క ఎర్రగున్నయ్. కోడికోసం ఏడుస్తున్నదని వాడకట్టంత నవ్విన్రు. ఏడ్చిన మాట నిజమే గాని, రోగం కోళ్లను పట్టిన చేతులు కండ్లకు తగిలితే మనుషులకు కూడ కండ్లు ఎర్రబడుతయట. "కోడే గదా, మొదటి రోజే కోసుకుంటే అయిపోవు" అన్నోళ్లకు ఇది చెప్పినా ఇనరు.

నాకు అసలు కోపం వేరే. గూట్ల ఒకటి ముడుచుకోంగనే మిగిలినయ్ సంచిల ఏసుకొని అంగడికి పోతరు సూడు, వాళ్ల మీద. మా తాలూకల కొక్కెర గాలిల రాదు, ప్రతి ఏడు ఆ సంచులల్లనే వస్తది. ఎవరు కాదన్నా నేనొప్పుకోను. కొన్న మాది కూడ తప్పే, సగం ధరకు ఎందుకిస్తున్నడని అడగలె.

టీకా ఉన్నది. పిల్లలకు 5 నుంచి 7 రోజులప్పుడు లసోటా చుక్క కంట్ల, 8 వారాలకు ఆర్‌2బి సూది రెక్క కింద. తిప్పలేందంటే సీసా ఒకటి వంద కోళ్లది, కలిపినంక గంట రెండు గంటలల్ల అయిపోవాలె. పది కోళ్లోళ్లు ఒక్కరే ఏం చేస్తరు? అందుకే వాడకట్టుల ఎనిమిది ఇండ్లోళ్లం కలిసి తెస్తున్నం. ఫ్లాస్కుల ఐసు గడ్డలేసి బండి మీద తెస్త, ఎండపొద్దెక్కకముందే సూదులయిపోతయ్. అప్పుడు నవ్వినోళ్లే ఇప్పుడు గంపలు పట్టుకొని ముందొస్తరు.

మళ్ల పెంచాలా అంటే, మేం గూటికి సున్నం కొట్టి నెలన్నర ఖాళీగ ఉంచి, ఆ తర్వాత ఆరు పిల్లలను తెచ్చినం. అంగట్ల కాదు, వదినోళ్ల దగ్గర. ఏరుకొమ్మన్నది. నల్లదొకటి కాళ్లల్లకొచ్చింది గాని, దాన్ని తీసుకోలె.