రెండో హార్డ్ డిస్క్ బిగించబోతున్న మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. డి డ్రైవ్ నిండిపోయిందనీ, 4 టీబీ హార్డ్ డిస్క్ తెప్పించావనీ, ఎవరినీ పిలవకుండా ఆదివారం నువ్వే బిగిస్తానంటున్నావనీ చెప్పింది. "మన చిట్టి కేబినెట్ విప్పుతుందట్రా" అని ఒకటే మురిసిపోయింది. నేనూ మురిశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఈ సీజన్ పెళ్ళిళ్ళ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి కదా.

బిగించడం పెద్ద పనేం కాదు. ప్లగ్గు గోడ నుంచి పీకెయ్, కేబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకు, కేబుళ్ళు రెండూ పెట్టు, మరలు బిగించు. అంతే. నా భయమంతా ఆ తర్వాత విండోస్ డ్రైవులకి పెట్టే సి, డి, ఇ అన్న అక్షరాల గురించి.

1999లో నాకు విజయవాడలో డీటీపీ సెంటర్ ఉండేది. నువ్వప్పటికి పుట్టలేదు. విండోస్ 98, 4 జీబీ డిస్కు, అందులో సగం సి, సగం డి. పనంతా డిలోనే ఉండేది: శుభలేఖలు, కరపత్రాలు, ఒక రిటైరైన తెలుగు మాస్టారి పద్యాల పుస్తకం. చోటు చాలక 8 జీబీ డిస్కు కొన్నాను. బిగించి, డిస్కుని భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌లో పార్టిషన్, అంటే భాగం, చేసి రీస్టార్ట్ కొట్టాను. సి ఉంది, డి ఉంది, కాబట్టి కొత్తది ఇ అయ్యుంటుంది అనుకున్నాను.

ఆ రోజుల్లో అక్షరాలు పంచే పద్ధతి వేరమ్మా. పెళ్ళి బంతిలో ముందు ఇంటికో పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఆ తర్వాతే పిల్లల్ని పిలిచినట్టు, ముందు ఒక్కో డిస్కులోని ప్రైమరీ పార్టిషన్‌కి, అంటే ప్రధాన భాగానికి, విండోస్ అక్షరం ఇచ్చేది, మిగతావాటికి తర్వాత. కొత్త డిస్కు పెద్దాయన వచ్చి డి ఆకు ముందు కూర్చున్నాడు. మాస్టారి పద్యాలున్న నా పాత డి పక్కకి జరిగి ఇ అయింది. నేను తెరిచి చూసుకోలేదు. ఫార్మాట్ ఇ అని కొట్టాను. ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది కూడా. కొత్త డిస్కులో పోవడానికేముంది అని వై నొక్కి టీకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అయిపోయింది. డ్రైవుకి ఏం పేరు పెట్టమంటావని అడుగుతోంది. "కొత్తది" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కాను. అప్పుడు కింద మొత్తం సైజు చూపించింది. 8 జీబీ ఉండాల్సింది రెండే ఉంది. ఆ అంకెలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలీదు. షట్టరు సగానికి దించి కూర్చున్నాను.

180 పేజీల్లో మొదటి 60 మాత్రమే ఫ్లాపీల్లో ఉన్నాయి. మాస్టారింటికి వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు రాత్రి చేతిరాత కట్ట సంచిలో వేసుకొచ్చి, స్టూలు లాక్కుని చదవడం మొదలుపెట్టారు. మూడు వారాలు, ఆయన చదవడం, నేను కొట్టడం. కందానికీ ఆటవెలదికీ తేడా నా చెవికి తెలిసింది అప్పుడే.

ఇప్పటి విండోస్ అలా జరపదులే. ఇచ్చిన అక్షరాన్ని రిజిస్ట్రీ అనే తన సెట్టింగుల చిట్టాలో రాసి పెట్టుకుంటుంది. అయినా నా మాట విను. ఇవాళే పాత డ్రైవులకి పేర్లు పెట్టు, డి మీద రైట్ క్లిక్ చేసి రీనేమ్ కొట్టి "పెళ్ళి ఫొటోలు" అని రాయి. అక్షరం మారినా పేరు డ్రైవుతోనే ఉంటుంది. ముందు ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని పీకి బీరువాలో పెట్టు. ఇది చెయ్యకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్నావంటే మాత్రం ఊరుకోను.

కొత్తది దిస్ పీసీలో కనిపించకపోతే టెన్షన్ పడకు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. ఇనిషియలైజ్ చెయ్యమని, డిస్కులో భాగాల పట్టిక ఏ పద్ధతిలో రాయాలో అడిగితే జీపీటీ ఎంచుకో, పాత పద్ధతి ఎంబీఆర్ అయితే 2 టీబీ దాటి వాడుకోలేవు. డిస్క్ 0, డిస్క్ 1 అన్న నంబర్లని నమ్మకు, సైజు చూడు. 4 టీబీది 3.6 చిల్లర చూపిస్తుంది. కంపెనీ వాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తే విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, షాపువాడితో పోట్లాడకు. పైన నల్ల గీత ఉన్న ఖాళీ చోటు మీదే పార్టిషన్ చెయ్.

అక్షరం అడిగినప్పుడు అది ఇచ్చింది తీసుకోకుండా పి పెట్టు. నీ దగ్గరికి రోజూ కెమెరా కార్డులూ పెన్‌డ్రైవ్‌లూ వస్తుంటాయి, ముందున్న అక్షరాలు వాటికి వదిలెయ్. డి జోలికి మాత్రం వెళ్ళకు. లైట్‌రూమ్ లాంటి ఫొటోలు దిద్దే ప్రోగ్రాములు ఫొటో ఎక్కడుందో అక్షరంతో సహా గుర్తుపెట్టుకుంటాయి, అది మారితే ఫోల్డర్లన్నిటి మీదా ప్రశ్నార్థకాలే. ఫొటోలన్నీ కొత్తదానిలోకి మార్చి డి అక్షరం దానికే ఇచ్చే కిటుకొకటి ఉంది, అది నేనొచ్చినప్పుడు చూద్దాం.

ఆదివారం పొద్దున నేనెక్కడికీ వెళ్ళను. ఫార్మాట్ అన్న మాట కనిపించగానే మౌస్ వదిలేసి వీడియో కాల్ చెయ్. ముసలాడి నస అనుకున్నా సరే.

మాస్టారి పుస్తకం ఒక కాపీ నా దగ్గరుంది. 61వ పేజీ నుంచి అచ్చుతప్పులు తక్కువ. వచ్చేటప్పుడు తెస్తాను.

మామయ్య