డీలర్ లిస్టు చూసి కంగారు పడకండి

డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న: "అన్నా, కారుకి ఆయిల్ మార్పిద్దామని వెళ్తే డీలర్ చేయించాల్సిన పనులంటూ ఇంత పొడుగు లిస్టు చేతిలో పెట్టాడు. అన్నీ చేయించకపోతే వారంటీ పోతుందా?"

పోదు. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి మెకానిక్ దగ్గర సర్వీసు చేయించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ ఎగ్గొట్టకూడదు. కాకపోతే కారుతో వచ్చిన మాన్యువల్లో రాసిన పనులు వేళకి చేయించినట్టు రసీదులుండాలి. తేదీ, మైళ్ళు కనిపించేలా ఫోటో తీసి ఫోన్లో దాచుకోండి.

మనవాళ్ళలో కారును చూసుకునే తీరు కారును బట్టి కాదు, వీసాను బట్టి ఉంటుంది. వీసా సంగతి తేలనివాళ్ళు "ఎలాగూ అమ్మేసి పోతాం కదా" అని ఆయిల్ మార్పించడం కూడా వాయిదా వేస్తుంటారు. తీరా అమ్మబోతే, మన వాట్సాప్ గ్రూపులో కొనేవాడు ముందు అడిగేది సర్వీస్ రికార్డులే. లీజు తీసుకున్నవాళ్ళదీ అదే ధీమా. అరిగిన టైర్లతో తిరిగిస్తే ఆ డబ్బు ముక్కుపిండి వసూలు చేస్తారు.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళు మాత్రం కారుకి చుక్క వాన పడనివ్వరు, అది వేరే కథ.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంటే ఏడాదికోసారి బ్రేకులు, టైర్లు చూసే మనిషి ఇక లేడు, మనమే చూసుకోవాలి. ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, తీసుకుని లింకన్ తల కిందికి ఉండేలా టైరు గాడిలో పెట్టండి. తల మొత్తం కనిపిస్తే ఆ టైరు పనైపోయినట్టే. గాలి ఎంత కొట్టించాలో డ్రైవర్ డోర్ తెరిస్తే అక్కడ స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద ఉండే అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి కొట్టించకండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని బ్యాటరీ వైరు పీకి ఆర్పేసి పొగ పరీక్షకి వెళ్ళే తెలివి కూడా వద్దు. కారు కంప్యూటర్ ఇంకా సిద్ధంగా లేదని మిషన్ పట్టేస్తుంది.

డీలర్ లిస్టులో క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికొచ్చే గాలిని వడకట్టేది) ఉంటే అది ఇంట్లోనే మార్చుకోవచ్చు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. పెట్టె ఖాళీ చేసి రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. పాత ఫిల్టర్ మీది బాణం ఎటుందో చూసుకుని కొత్తది అలాగే తోయండి.

రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీయే కార్లను వెనక్కి పిలిచి బాగుచేసే సంగతి వేరు. పదిహేడు అంకెలు, అక్షరాల విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొడితే మీ కారుకి రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. ఆ రిపేరు సాధారణంగా ఉచితమే, దానికి మాత్రం డీలర్ దగ్గరికే వెళ్ళండి.